రేడియోలో బేస్‌బాల్ చెప్పే మనిషి రిటైరైతే వీళ్ళకు ఇంత బాధ ఎందుకు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. లాస్ ఏంజెలెస్‌కి వచ్చి ఏడాదైంది. ఆఫీసులో భోజనాల దగ్గర డాడ్జర్స్ జట్టు మాట వచ్చింది. అరవై దాటిన మీ సహోద్యోగి విన్ స్కల్లీ పేరెత్తి, మాట పూర్తి చేయలేక ఆగిపోయారు. స్కల్లీ ఆటగాడు కాదు, కోచ్ కాదు, మైకు ముందు కూర్చుని ఆట చెప్పిన మనిషి. 2016లోనే రిటైరయ్యారు. "మన దగ్గర క్రికెట్ కామెంటేటర్ మానేస్తే ఇంత బాధపడం కదా, వీళ్ళకెందుకు?" అన్నది మీ సందేహం. ఆయనతో ఈ విషయం ఎలా మాట్లాడాలో, రేడియోలో ఆట వినడం ఎలా మొదలుపెట్టాలో కూడా చెప్పమన్నారు.

సూటిగా చెప్తాను. ఆ గొంతు వాళ్ళకు ఇంట్లో మనిషి గొంతు. బేస్‌బాల్ రేడియో అనౌన్సర్ వేసవి మొత్తం దాదాపు ప్రతి రాత్రీ వంటింట్లో, కారులో, గరాజ్‌లో, పిల్లాడి దిండు కింద ఉంటాడు. ఆటగాళ్ళు వస్తారు, వేరే జట్టుకు పోతారు, ఆట మానేస్తారు. గొంతు మాత్రం అదే ఉంటుంది. అది ఆగిపోయినప్పుడు, దాన్ని పక్కన కూర్చుని విన్న నాన్న, తాత, అన్న అందరూ ఒక్కసారి గుర్తొస్తారు. మీ సహోద్యోగి మాట ఆగింది బహుశా అక్కడే.

ఇది వట్టి భావుకత అనిపిస్తే లెక్క వేసి చూడండి. అమెరికా బేస్‌బాల్‌లో పై స్థాయి పోటీ అయిన మేజర్ లీగ్‌లో ఒక్కో జట్టు ఏడాదికి 162 ఆటలు ఆడుతుంది. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా ఆరు నెలల్లో ఇవన్నీ అయిపోవాలి కాబట్టి వారం పది రోజులకు ఒక్క సెలవు దొరికితే గొప్ప. 2023లో పిచ్ క్లాక్ (బంతి ఎంతసేపట్లో వేయాలో చూపే గడియారం) పెట్టాక ఒక ఆట సుమారు రెండు గంటల నలభై నిమిషాలకు తగ్గింది, అంతకుముందు మూడు గంటలు దాటేది. తక్కువ లెక్కే తీసుకున్నా ఏడాదికి 430 గంటలు. అందులో సగమే విన్నా 215. ఊళ్ళో ఉన్న మేనమామతో ప్రతి ఆదివారం పావుగంట ఫోన్లో మాట్లాడితే ఏడాదికి 13 గంటలు అవుతుంది. ఆ లెక్కన ఇరవై ఏళ్ళు విన్నవాడి చెవిలో ఆ అనౌన్సర్ గొంతు ఎంత పేరుకుని ఉంటుందో మీరే ఊహించండి.

క్రికెట్‌తో పోలిక ఎక్కడ తప్పుతుందంటే, మన ఆకాశవాణి కామెంటరీలో ఒక ఆటకు నలుగురైదుగురు ఉంటారు. కాసేపటికొకరు మైకు మారుతారు, ఊరు మారితే మనుషులే మారుతారు, సిరీస్ అయిపోతే నెలల తరబడి ఆ గొంతే వినపడదు. ఇక్కడ 30 జట్లకు 30 రేడియో బృందాలు ఉంటాయి. ఒక్కో బృందంలో ఒకరో ఇద్దరో ముఖ్యులు. ఎక్కువ జట్లలో వాళ్ళు జట్టుతోపాటే విమానం ఎక్కుతారు, అదే హోటల్లో దిగుతారు, బయటి ఊళ్ళలో జరిగే 81 ఆటలనూ అక్కడి నుంచే చెప్తారు. మనకు దీనికి దగ్గరగా ఉన్న అనుభవం ఒకటే: ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు. "వార్తలు, చదువుతున్నది" అనగానే తర్వాత వచ్చే పేరు ఇంటిల్లిపాదికీ తెలిసేది, మనిషిని మాత్రం ఎవరూ చూసి ఉండరు. ఆ పది నిమిషాలని మూడు గంటలు చేసి, దానికి గెలుపోటముల ఆరాటం కలపండి.

ఇక స్కల్లీ సంగతి. ఆయన 1950లో బ్రూక్లిన్ డాడ్జర్స్‌లో చేరారు, అప్పటికి వయసు 22. 2016 దాకా, అంటే 67 సీజన్లు ఒకే జట్టుకు చెప్పారు. జాకీ రాబిన్సన్ ఆడుతుండగా మొదలుపెట్టి క్లేటన్ కెర్షా బంతులేస్తుండగా ముగించారు. మధ్యలో జట్టే ఊరు మారింది. 1958లో న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి వచ్చింది. అనౌన్సర్‌కీ ఈ ఊరికీ అంత గట్టి ముడి పడటానికి అసలు కారణం ఆ మొదటి నాలుగేళ్ళే.

అప్పుడు జట్టుకు సొంత మైదానం లేదు. 1962లో డాడ్జర్ స్టేడియం తెరిచేదాకా ఆటలు కొలీసియంలో జరిగాయి. అది ఒలింపిక్స్ జరిగిన స్టేడియం, ఫుట్‌బాల్‌కి సరిపోతుంది, బేస్‌బాల్‌కి కాదు. చాలా సీట్ల నుంచి బంతి ఎటు పోయిందో కనపడేది కాదు. ఊరికి మేజర్ లీగ్ కొత్త, ఆటగాళ్ళ ముఖాలూ కొత్త. సరిగ్గా అదే కాలంలో జేబులో పట్టే ట్రాన్సిస్టర్ రేడియోలు చవకయ్యాయి. జనం మైదానానికే రేడియోలు తెచ్చుకుని, కళ్ళ ముందు జరుగుతున్న ఆటని స్కల్లీ నోట వినడం మొదలుపెట్టారు. వేల రేడియోలు ఒకేసారి మోగుతుంటే ఆయన మాట మైదానమంతా వినపడేది. ఒకసారి అంపైర్ ఫ్రాంక్ సెకరీ పుట్టినరోజని తెలిసి, ఒకటి రెండు మూడు అనగానే అందరూ శుభాకాంక్షలు చెప్పండి అని రేడియోలో అన్నారు. స్టేడియం మొత్తం ఒక్క గొంతుతో అరిచింది. కింద ఉన్న అంపైర్ ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. ఊరు ఆటని ఆయన దగ్గర నేర్చుకుంది అని ఇక్కడి పెద్దవాళ్ళు అనేది ఈ అర్థంలోనే.

ఆయన పద్ధతి కూడా కారణమే. రేడియోలో సాధారణంగా ఇద్దరు కూర్చుని ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారు, మనం పక్కన కూర్చుని వింటాం. స్కల్లీ ఒంటరిగా చెప్పేవారు. మాట పంచుకోవడానికి పక్కన మరో మనిషి లేడు కాబట్టి వినేవాడితోనే మాట్లాడేవారు. చివరి సంవత్సరాల్లో ఆయన చెప్పే మొదటి మూడు ఇన్నింగ్స్ (ఒక ఆటకు తొమ్మిది ఉంటాయి) టీవీలోనూ రేడియోలోనూ ఒకేసారి వచ్చేవి, తర్వాతివి టీవీలోనే. ఇక్కడో పాత గాయం ఉంది, మీ సహోద్యోగి దాన్నీ ఎత్తవచ్చు. 2014లో డాడ్జర్స్ ఆటలు కొత్త కేబుల్ చానెల్‌కి వెళ్ళాయి, చాలా కేబుల్, శాటిలైట్ సంస్థలు ఆ చానెల్‌ని తీసుకోలేదు. దాంతో ఆయన ఆఖరి మూడు సీజన్లూ ఊళ్ళో చాలా ఇళ్ళకు టీవీలో అందలేదు. చివరి కొన్ని ఆటలు మాత్రం మామూలు చానెల్లో వేశారు. ఉన్నన్నాళ్ళూ వినలేకపోయామే అన్న కోపం ఇప్పటికీ ఉంది, అది న్యాయమైన కోపమే.

మంచి అనౌన్సర్ ఏం చేస్తాడో తెలిస్తే ఆ లోటు ఏమిటో అర్థమవుతుంది. రేడియో వినేవాడికి కళ్ళు లేవు. కాబట్టి ప్రతి బంతికీ ఆరు సంగతులు అందుతూ ఉండాలి: ఏ ఇన్నింగ్స్, ఎన్ని అవుట్లు, ఏ బేస్ (పరుగు కోసం వరసగా చేరాల్సిన మూల) మీద రన్నర్ ఉన్నాడు, బాల్స్ (గురి తప్పిన బంతులు) ఎన్ని, స్ట్రైక్స్ (మూడైతే బ్యాటర్ అవుట్) ఎన్ని, స్కోరు ఎంత. ఇందులో ఎక్కువగా మర్చిపోయేది స్కోరు, ఎందుకంటే అది అనౌన్సర్ కళ్ళ ముందు బోర్డు మీద పెద్దగా కనపడుతూనే ఉంటుంది. స్కల్లీ గురువు రెడ్ బార్బర్ దీనికి మందు కనిపెట్టారు. గుడ్డు ఉడకబెట్టడానికి వాడే మూడు నిమిషాల ఇసుక గడియారాన్ని మైకు పక్కన పెట్టుకునేవారు. ఇసుక జారిపోగానే స్కోరు చెప్పి గడియారం తిప్పేవారు. కారెక్కి అప్పుడే రేడియో పెట్టినవాడు మూడు నిమిషాలకు మించి తికమక పడకూడదన్నది ఆయన నియమం. ఇప్పటికీ కొత్తవాళ్ళ మీద శ్రోతల మొదటి ఫిర్యాదు స్కోరు చెప్పడం లేదనే.

రెండో తప్పు, గాల్లోకి లేచిన ప్రతి బంతికీ గొంతు పెంచడం. పైన కూర్చుని చూసేవాడికి మామూలు క్యాచ్ కూడా హోమ్ రన్‌లా (మన సిక్సర్ లాంటిది) కనపడుతుంది. అనుభవం ఉన్నవాళ్ళు బంతిని వదిలి అవుట్‌ఫీల్డర్‌ని, అంటే గోడ వైపు దూరంగా నిలబడే ఫీల్డర్‌ని చూస్తారు. అతను తీరిగ్గా నిలబడితే క్యాచ్. వెనక్కి తిరిగి పరిగెడితే ప్రమాదం. తల ఎత్తి చూస్తూ ఆగిపోతే బంతి గోడ దాటినట్టే. ఇది తప్పితే ఏమవుతుందో న్యూయార్క్ జట్టు యాంకీస్ శ్రోతలకు బాగా తెలుసు. వాళ్ళ అనౌన్సర్ జాన్ స్టెర్లింగ్ "ఎత్తుగా, దూరంగా, పోయింది" అనే తన ముద్ర పడిన పిలుపు మొదలుపెట్టాక బంతి ఫీల్డర్ చేతిలో పడిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అన్నిటికన్నా కష్టమైంది మౌనం. ఈ మూడు రికార్డింగులు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. వరసగా వినండి.

ఒకటి, 1965 సెప్టెంబరు 9, డాడ్జర్స్ పిచర్ (బంతి వేసేవాడు) శాండీ కోఫాక్స్ పర్ఫెక్ట్ గేమ్ తొమ్మిదో ఇన్నింగ్స్. పర్ఫెక్ట్ గేమ్ అంటే ఎదుటి జట్టు బ్యాటర్లు వచ్చిన 27 సార్లూ ఒక్కరు కూడా బేస్ చేరకుండా అవుట్ చేయడం. ఇది అచ్చంగా రేడియో ప్రసారం, బొమ్మ లేదు. స్కల్లీ మధ్యమధ్యలో టైము చెప్తుంటారు, మైదానంలో ఎంతమంది ఉన్నారో చెప్తారు, కోఫాక్స్ టోపీ సర్దుకోవడం, నుదురు తుడుచుకోవడం చెప్తారు. తేదీ, టైము ఎందుకంటే, ఆ ఇన్నింగ్స్ రికార్డు చేసి కోఫాక్స్‌కి జ్ఞాపకంగా ఇవ్వవచ్చని. చివరి స్ట్రైక్ పడగానే మైకు జనానికి వదిలేస్తారు. అర నిమిషం పైగా హోరు తప్ప ఏమీ వినపడదు. తర్వాత మళ్ళీ టైము చెప్తారు: రాత్రి 9:46. శ్రోతలు ఆ అంకెని ఇప్పటికీ చెప్తారు.

రెండు, 1974 ఏప్రిల్ 8, అట్లాంటా. హాంక్ ఆరన్ 715వ హోమ్ రన్ కొట్టి బేబ్ రూత్ రికార్డు దాటాడు. బంతి వేసింది డాడ్జర్స్ పిచర్ అల్ డౌనింగ్, కాబట్టి స్కల్లీది ఎదుటి పక్షం. ఆయన లేచి గది వెనక్కి వెళ్ళి, జనం హోరుని అలాగే పోనిచ్చారు. తిరిగొచ్చాక, దక్షిణాదిలో ఒక నల్లజాతి మనిషికి అందరూ లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారని చెప్పారు. ఆరన్‌కి అంతకుముందు ఏడాది పొడుగునా ద్వేషంతో రాసిన ఉత్తరాలు, బెదిరింపులు వచ్చాయి. ఆ రాత్రి అసలు విషయం ఏమిటో ఒక్క వాక్యంలో పట్టుకున్నారు.

మూడు, 1988 అక్టోబరు 15, వరల్డ్ సిరీస్ (ఏడాది చివర జరిగే ఫైనల్ పోరు) మొదటి ఆట. కాళ్ళు రెండూ దెబ్బతిన్న డాడ్జర్స్ బ్యాటర్ కర్క్ గిబ్సన్ బెంచీ మీంచి లేచి వచ్చి, చివరి అవుట్ ముందు హోమ్ రన్ కొట్టాడు. ఇది టీవీ ప్రసారం. బంతి పోయిందని చెప్పి నిమిషం పైగా నోరు మెదపలేదు. ఆ తర్వాతే, ఊహకందని ఏడాదిలో అసాధ్యం జరిగిందన్న ఆ ప్రసిద్ధ వాక్యం. అదే దెబ్బని రేడియోలో చెప్పిన జాక్ బక్, చూసినదాన్ని తానే నమ్మలేకపోతున్నానని అరిచారు. రెండూ పక్కపక్కన వింటే టీవీకీ రేడియోకీ తేడా తెలుస్తుంది. రేడియోలో అంతసేపు మౌనంగా ఉంటే వినేవాడికి రన్నర్ ఎక్కడున్నాడో తెలియదు.

ఇప్పుడు రిటైర్‌మెంట్ దగ్గరికి. వీడ్కోలు ఎలా జరిగిందన్న దాన్నిబట్టి అభిమానుల బాధ రంగు మారుతుంది. ముందే చెప్పి, ఒక సీజన్ మొత్తం సమయమిచ్చి వెళ్ళినవాళ్ళు ఉన్నారు. ఉన్నట్టుండి ఆగినవాళ్ళు ఉన్నారు. జట్టు గెంటేస్తే వెళ్ళినవాళ్ళూ ఉన్నారు.

స్కల్లీ మొదటి రకం. 2015 ఆగస్టులోనే, వచ్చే ఏడాది ఆఖరిది కావచ్చని చెప్పారు. 2016లో స్టేడియం ముందున్న వీధికి ఆయన పేరు పెట్టారు. చివరి హోమ్ సిరీస్‌లో బ్యాటర్లు క్రీజులోకి వస్తూ పైన బూత్ (అనౌన్సర్ కూర్చునే గది) వైపు చూసి హెల్మెట్ తాకారు. సెప్టెంబరు 25న సొంత మైదానంలో ఆఖరి ఆట, పదో ఇన్నింగ్స్‌లో చార్లీ కల్బర్సన్ హోమ్ రన్‌తో గెలిచి డివిజన్ టైటిల్ కూడా దక్కించుకున్నారు. చిట్టచివరి ప్రసారం అక్టోబరు 2న శాన్ ఫ్రాన్సిస్కోలో, జెయింట్స్‌తో. ఎనిమిదేళ్ళ పిల్లాడిగా న్యూయార్క్‌లో ఒక లాండ్రీ కిటికీలో జెయింట్స్ (అప్పట్లో అది న్యూయార్క్ జట్టు) ఘోరంగా ఓడిన స్కోరు చూసి జాలిపడి ఈ ఆటని ప్రేమించడం మొదలుపెట్టానని ఆయన చెప్పేవారు. అది 1936 అక్టోబరు 2. సరిగ్గా ఎనభై ఏళ్ళు. 2022 ఆగస్టు 2న, 94 ఏళ్ళ వయసులో ఆయన పోయిన రాత్రి కూడా డాడ్జర్స్ అదే మైదానంలో జెయింట్స్‌తోనే ఆడుతున్నారు. ఈ రెండు తేదీల గురించి మీ సహోద్యోగిని అడగనక్కర్లేదు, ఆయనే చెప్తారు.

మీ ప్రశ్న లాస్ ఏంజెలెస్ గురించే అయినా డిట్రాయిట్ అనౌన్సర్ ఎర్నీ హార్వెల్ కథ చెప్పకుండా ఈ విషయం పూర్తికాదు. 1960 నుంచి ఆ ఊరి జట్టు టైగర్స్ గొంతు ఆయనది. అంతకుముందు 1948లో బ్రూక్లిన్ డాడ్జర్స్ ఆయన్ని తీసుకోవడానికి ఒక క్యాచర్‌ని (మన వికెట్ కీపర్ లాంటివాడు) అట్లాంటా జట్టుకి ఇచ్చింది, అంటే ఆటగాడికి మారకంగా వచ్చిన అనౌన్సర్. ఫౌల్ బంతి (గీత బయటికి పోయినది) ప్రేక్షకుల్లో పడితే ఇప్సిలాంటి అనే ఊరి నుంచి వచ్చిన పెద్దమనిషి పట్టుకున్నాడని చెప్పేవారు. ఆయనకు ఆ మనిషి ఊరు తెలియదు, మిషిగన్ ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటే వాడేవారు. పిల్లలు తమ ఊరి పేరు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవారు. ఏటా వసంతంలో మొదటి ప్రసారాన్ని, చలికాలం గడిచింది, పావురం గొంతు మన నేలమీద వినపడుతోంది అనే బైబిల్ వాక్యంతో మొదలుపెట్టేవారు. నెలల తరబడి మంచులో ఉండే ఊళ్ళకు అది ఉగాది పిలుపు.

1990 డిసెంబరులో, వచ్చే సీజనే ఆఖరని ఆయన చేత ప్రకటన చేయించారు. వెళ్ళడం ఆయన నిర్ణయం కాదు. ఊరు భగ్గుమంది. పిజ్జా కంపెనీ యజమాని చేతిలో ఉన్న జట్టు కాబట్టి ఆ పిజ్జా కొనడం మానేస్తామన్నారు. 1992లో జట్టు మైక్ ఇలిచ్ చేతికి వచ్చింది, 1993లో హార్వెల్ తిరిగొచ్చారు. చివరికి 2002లో తనంతట తానే, ముందుగా చెప్పి రిటైరయ్యారు. ఆఖరి మాటల్లో, వీడ్కోళ్ళు విచారంగా ఉంటాయి కాబట్టి కొత్త ప్రయాణానికి నమస్తే చెప్తానన్నారు. నాకు తెలిసిన వీడ్కోళ్ళలో ఇదే ఉత్తమం. 2010 మేలో ఆయన పోయినప్పుడు పార్థివ దేహాన్ని టైగర్స్ స్టేడియం కొమెరికా పార్క్‌లో, ఆయన విగ్రహం దగ్గరే ఉంచారు. పదివేల మందికి పైగా వరసలో నిలబడి చూసి వెళ్ళారు. డిట్రాయిట్ శివార్లు ట్రాయ్, నోవై వైపు ఉండే మన తెలుగువాళ్ళలో ఆట చూడటానికి వెళ్ళి ఆ విగ్రహం పక్కన ఫొటో దిగినవాళ్ళు ఉంటారు. ఈసారి ఆ మనిషెవరో పిల్లలకు చెప్పండి.

స్టెర్లింగ్ రెండో రకం. 1989 సెప్టెంబరు నుంచి 2019 జులై దాకా ఒక్కటి కూడా మానకుండా 5,060 ఆటలు చెప్పిన మనిషి, 2024 సీజన్ మొదలైన కొద్ది వారాలకే ఏప్రిల్ 15న ఆపేశారు. అభిమానులకు సిద్ధపడే సమయం దొరకలేదు. ఆ ఏడాది చివర్లో తిరిగొచ్చి వరల్డ్ సిరీస్ దాకా చెప్పడం వాళ్ళకు ఊరట. ఆయన తప్పుల మీద ఏళ్ళ తరబడి గొణిగినవాళ్ళే ఆ ఏప్రిల్‌లో ఎక్కువ కలవరపడ్డారు. ఇది వింత కాదు, ఇంట్లో పెద్దవాళ్ళ విషయంలోనూ ఇంతే.

వీడ్కోలు చెప్పే వీలే లేకపోయిన బాధ వేరు. ఫిలడెల్ఫియా జట్టు ఫిలీస్ అనౌన్సర్ హారీ కాలస్ 2009 ఏప్రిల్ 13న వాషింగ్టన్‌లో ఆట మొదలవకముందు బూత్‌లోనే కుప్పకూలి మరణించారు. మిల్వాకీ అనౌన్సర్ బాబ్ యూకర్ 1971 నుంచి 54 సీజన్లు చెప్పి, తర్వాతి సీజన్ రాకముందే 2025 జనవరిలో పోయారు. కాలస్ అభిమానుల పట్టు ఎలాంటిదో 1980లోనే తేలింది. ఫిలీస్ వరల్డ్ సిరీస్ గెలిచినప్పుడు, అప్పటి నియమం ప్రకారం స్థానిక అనౌన్సర్లు సిరీస్ చెప్పకూడదు. ఊరు గొడవ చేసింది, నియమం మారింది. ఈ రోజు డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ ఆడితే టీవీలో జాతీయ చానెల్ వాళ్ళు చెప్పినా, రేడియోలో మీ ఊరి గొంతే వినగలుగుతున్నారంటే కారణం అదే.

ఒక హెచ్చరిక. లాస్ ఏంజెలెస్‌లో గొంతు అంటే అందరికీ స్కల్లీ అనుకోకండి. సగం ఊరికి ఆ గొంతు హైమే హరీన్‌ది. ఈక్వడార్ నుంచి వచ్చి 1959 నుంచి 2022 దాకా, 64 సీజన్లు స్పానిష్‌లో చెప్పారు. 1981లో మెక్సికో కుర్రాడు ఫెర్నాండో వాలెన్జువేలా ఊరిని ఊపేసినప్పుడు విలేఖరుల సమావేశాల్లో అతని మాటల్ని ఇంగ్లీషులోకి మార్చింది ఈయనే. మీ ఆఫీసులో మెక్సికన్ కుటుంబాల నుంచి వచ్చినవాళ్ళుంటే ఈ పేరు అడిగి చూడండి. అలాగే ముప్పై లోపు వాళ్ళలో చాలామందికి ఇదంతా పట్టదు, వాళ్ళు ఆటని ఫోన్లో ముక్కలుగా చూస్తారు. అది వాళ్ళ తప్పేం కాదు.

మీ సహోద్యోగితో మాట్లాడేటప్పుడు "ఇప్పుడున్నవాళ్ళూ బాగానే చెప్తున్నారు కదా" అనకండి. నిజమే కావచ్చు, స్కల్లీ తర్వాత టీవీలో వచ్చిన జో డేవిస్ ఆయన్ని అనుకరించకుండా తన దారిలో తాను చెప్పి నిలబడ్డాడు. కానీ ఆ మాట ఇక్కడ ఓదార్పు కాదు. "మీరు మొదట ఎక్కడ విన్నారు, ఎవరితో కలిసి?" అని అడగండి. అంతే చాలు.

ఇక వినడం. డాడ్జర్స్ ఇంగ్లీషు ప్రసారం ఏఎమ్ 570లో, స్పానిష్ ఏఎమ్ 1020లో. మనం మీడియం వేవ్ అని పిలిచేది ఈ ఏఎమ్‌నే. మేజర్ లీగ్ యాప్‌లో ఆడియోకి చవక చందా ఉంది, ఏ జట్టు ప్రసారమైనా వినవచ్చు, ఇంటి జట్టుదో బయటి జట్టుదో ఎంచుకోవచ్చు. కానీ యాప్ అసలు ఆటకన్నా అర నిమిషమో అంతకన్నా ఎక్కువో వెనకపడుతుంది. స్టేడియంలో కూర్చుని వినాలంటే అది పనికిరాదు, చిన్న ఏఎమ్ రేడియో కావాలి.

ఏఎమ్‌లో గరగర వస్తే ముందు ఫోన్ చార్జరు, ఎల్ఈడీ దీపం, డిమ్మర్ స్విచ్చు ఆపి చూడండి, సాధారణంగా దొంగ అక్కడే ఉంటాడు. రేడియోని కిటికీ దగ్గర బల్ల మీద పెట్టి మెల్లగా గుండ్రంగా తిప్పండి. లోపలున్న ఫెర్రైట్ కడ్డీకి దిక్కు ఉంటుంది, పావు వంతు తిప్పితే చాలు గొంతు తేటపడుతుంది. బయటికి లాగే యాంటెన్నా ఎఫ్ఎమ్ కోసం, దానితో పనిలేదు. చీకటి పడ్డాక ఏఎమ్ తరంగాలు పై వాతావరణపు పొరని తాకి వందల మైళ్ళ దూరం వెళ్తాయి. సెయింట్ లూయిస్ కేఎమ్ఓఎక్స్, సిన్సినాటి డబ్ల్యుఎల్‌డబ్ల్యు లాంటి 50,000 వాట్ల స్టేషన్లు రాత్రిళ్ళు ఎన్నో రాష్ట్రాల్లో వినపడేది అందుకే. సొంత జట్టు లేని ఊళ్ళలో సెయింట్ లూయిస్ జట్టు కార్డినల్స్ అభిమానులు అంతమంది ఉండటానికి ఇదే మూలం.

వినేటప్పుడు చేతిలో కాగితం, పెన్సిలు ఉండాలి. స్థానాలకు అంకెలు: పిచర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, షార్ట్‌స్టాప్ 6, లెఫ్ట్ 7, సెంటర్ 8, రైట్ 9. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది 5, 6 దగ్గర. షార్ట్‌స్టాప్ సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడినా అతని అంకె 6. బంతి షార్ట్‌స్టాప్ పట్టి సెకండ్‌కి, అక్కడి నుంచి ఫస్ట్‌కి వెళ్ళి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాస్తారు. స్ట్రైక్ అవుట్‌కి ఇంగ్లీషు కే అక్షరం, బ్యాటు ఊపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. మొదటి వారం అన్నీ రాయాలని చూడకండి, అవుట్లు, హిట్లు రాస్తే చాలు. రాయడం మొదలుపెట్టాక అనౌన్సర్ ఏది చెప్పాడో ఏది వదిలేశాడో మీ కాగితమే చెప్తుంది.

మొదటి ఆట మీ సహోద్యోగితో కలిసి వినండి. పని దినాల్లో మధ్యాహ్నం ఆటలు అప్పుడప్పుడు బుధ, గురువారాల్లో ఉంటాయి, పన్నెండు దాటాక మొదలవుతాయి. రేడియో బల్ల మీద పెట్టి భోజనం చేస్తూ రెండు మూడు ఇన్నింగ్స్ వినవచ్చు. ఖాళీ స్కోర్ కాగితం మీరే తీసుకెళ్ళండి, ఎలా నింపాలో ఆయన చూపిస్తారు.